‘తేలినది’ అన్నరు, ఎట్ల తేలింది?

మా నాయిన పేరు మీద సర్కారు ఇచ్చిన కాయితాలు మా ఇంట్లో రెండున్నయి. ఒకటి ఓటరు కార్డు. రెండోది 2013లో పోలీసులిచ్చిన నోటీసు.

రావలసిన కూలి పైసలు అడిగినందుకు ఊరి నడుమ కులం పేరు పెట్టి తిట్టి, చెప్పుతో కొట్టిన ఆసామి మీద నాయిన ఫిర్యాదు చేసిండు. మూడు నెలలకు జవాబొచ్చింది. ఒక్క లైను: ‘విచారణలో ఇది తప్పుడు కేసు అని తేలినది.’

అప్పుడు నేను ఉస్మానియాలో ఎం.ఏ. చరిత్ర చదువుతున్న. మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. నాయిన ఆ కాయితం జేబుల పెట్టుకొని తార్నాక చౌరస్తాల బస్సు దిగిండు. చదివి వినిపించిన. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిండు.

“గీ ముక్క రాసెటందుకు సారు ఎవలనడిగిండు బిడ్డా? నన్నడగలే. జూసినోళ్ళనడగలే. మరి యాడికెల్లి తేలింది?”

నా దగ్గర జవాబు లేదు. కాయితం జిరాక్సు తీయించి క్యాంపస్‌లో లా చదివే అన్న దగ్గరికి తీసుకపోయిన. ఆయన రెండుసార్లు చదివిండు. “కాకా, ఇండ్ల తీర్పు ఉన్నది, కారణం లేదు. ఎవరిని విచారించిండ్రు, వాళ్ళేం చెప్పిండ్రు, ఎందుకు నమ్మలేదు, ఏదీ లేదు. కేసు మూసే ముందు మెజిస్ట్రేటు ఫిర్యాదుదారుకు నోటీసిచ్చి మాట వినాలని సుప్రీంకోర్టు 1985లనే చెప్పింది. అభ్యంతరం వేద్దాం” అన్నడు. నాయిన తల అడ్డంగ ఊపిండు. ఇంకో పది కూలి రోజులు పోగొట్టుకునే శక్తి ఆయనకు లేదు. కేసు అట్లనే మూతపడింది.

ఆ ఒక్క లైను నన్ను వదల్లేదు. లైబ్రరీలో దాని పూర్వీకుల్ని వెతికిన. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. ఫలానా తెగకు ఈ చట్టం వర్తిస్తదని గెజిట్‌లో ప్రకటిస్తే చాలు, ఆ ప్రకటనే తిరుగులేని రుజువు. దాన్ని ఏ కోర్టూ ప్రశ్నించరాదు. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చి ఎరుకల వాళ్ళ మెడకు చుట్టుకుంది. తల్లి కడుపులోని బిడ్డ కూడా పుట్టకముందే అనుమానితుడు. 1952లో గాని ఆ చట్టం రద్దు కాలేదు. చట్టం పోయింది, అలవాటు పోలేదు.

2014 ఏప్రిల్ 22న హైదరాబాదులో హైకోర్టు చుండూరు తీర్పు చెప్పింది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపిండ్రు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేసిండ్రు. 2007లో ఆ ఊళ్ళోనే కూర్చున్న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఆ రాత్రి హాస్టల్లో ఎవరం సరిగ అన్నం తినలేదు. ఏ గాయం ఎవరు చేసిండ్రో, ఏ గంటకు చేసిండ్రో ప్రాణభయంతో ఉరికినోళ్ళు చెప్పాల్నట. మేం ఇచ్చే రుజువుకు అంత గట్టి కొలత!

మరి మా మీద చెప్పే మాటకు ఏం కొలత? 2018 మార్చి 20న సుప్రీంకోర్టు, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దుర్వినియోగం అవుతున్నదని చెప్పి, అరెస్టుకు ముందస్తు అనుమతి కావాలన్నది. ఆ తీర్పులోనే లెక్కలున్నయి. 2015లో కోర్టులు తేల్చిన కేసులు 15,638. శిక్షలు 4,119. ఉపసంహరించుకున్నవి 495. కొట్టేసినవి 11,024. 2016లో పోలీసులు తప్పుడువని మూసిన ఎస్సీ కేసులు 5,347.

కేసు వీగిపోతే ఫిర్యాదు అబద్ధమా? చుండూరు ముద్దాయిలు విడుదలయిండ్రు, మరి ఎనిమిది శవాలు అబద్ధమా? పోలీసు ‘తప్పుడు’ అని రాస్తే అది పై కోర్టుకు లెక్క అయింది. లెక్క నుంచి మా జాతి గుణం తేలింది. మా నాయిన కాయితం కూడా ఏదో ఒక ఏడాది పట్టికలో ఒక అంకె అయ్యుంటది.

అప్పుడు నేను తార్నాక రూములో ఉండి టీచరు పోస్టు కోసం ఎదురుచూస్తున్న. ఏప్రిల్ 2న దేశమంతా బంద్. ఆగస్టులో పార్లమెంటు చట్టం సవరించింది. 2019 అక్టోబరు 1న ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ ఆదేశాల్ని వెనక్కి తీసుకుంది. ఎస్సీ ఎస్టీలు ఒక వర్గంగా అబద్ధపు ఫిర్యాదులు చేస్తరని అనుకోవడం మనిషి గౌరవానికి విరుద్ధమన్నది. దర్యాప్తు లోపం వల్ల కూడా కేసులు వీగిపోతయని ఒప్పుకుంది. ఈ ముక్క ఒప్పించడానికి బంద్ నాడు ప్రాణాలే పోయినయి.

ఇప్పుడు నేను సర్కారు బడిలో పంతుల్ని. లెక్కలో ఉత్త జవాబు రాస్తే మార్కులెయ్యను, ఎట్ల వచ్చిందో చూపించుమంట. విద్యార్థి తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, వాడలో ఎవరి చేతికైనా ఇట్లాంటి కాయితమొస్తే మీరూ అదే అడగండి. సాక్షుల వాంగ్మూలాల నకళ్ళు అడగండి. అభ్యంతరం రాయండి, కూలి పోకుండ వాళ్ళ బదులు కోర్టుల చుట్టూ మీరు తిరగండి. మా నాయినకు ఆనాడు నేను ఆ పని చెయ్యలేకపోయిన.