కేబులు తీగకు రెండవ కొలువు

కర్నూలు జిల్లా గూడూరులోను, దానికి పడమట ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతములలోను పాత మిద్దెల రాతిగోడలు మిక్కిలి మందమైనవి. ఎండను ఆపు ఆ గోడలే వైఫై తరంగములను కూడ నీరసింపజేయును. ముందరి గదిలోని ఇంటర్నెట్టు వెనుక గదికి సరిగా అందదు. కాని అట్టి ఇండ్లలో పలుచోట్ల టెలివిజను కొరకు లాగిన నల్లని కేబులు తీగ గది నుండి గదికి పోవుచుండును. కంప్యూటర్లను దానితో కలుపవచ్చునా?

కలుపవచ్చును. అసలు ఈథర్నెట్టు పుట్టినదే ఈ జాతి తీగపైన. నడుమ ఒక రాగితీగ, దానిచుట్టు విద్యుత్తును పోనీయని పొర, ఆపైన లోహపు అల్లిక, అన్నిటిపై తొడుగు: ఇది దీని నిర్మాణము. లోపలి తీగకు, వెలుపలి అల్లికకు అక్షము ఒక్కటే గనుక కోయాక్సియల్ అని పేరు. సంకేతము ఆ రెంటి నడుమనే బందీయై పోవును. ఇంగ్లండులో ఆలివర్ హెవిసైడ్ 1880లో దీనికి పేటెంటు పొందెను. ఒకే తీగపై అనేక సంభాషణలు పంపు విశాల పౌనఃపున్య పద్ధతికి అమెరికాలో ఎస్పెన్‌షీడ్, ఆఫెల్ అనువారు 1929లో దరఖాస్తు చేసిరి.

1973లో జిరాక్సు సంస్థ పరిశోధనాలయమున రాబర్ట్ మెట్కాఫ్, డేవిడ్ బాగ్స్ ఈథర్నెట్టును రూపొందించినది కోయాక్సియల్ తీగపైననే. తరువాత వచ్చిన సన్నతీగ పద్ధతిలో ఒక చిక్కు కలదు. ఎవరి కాలైనను తగిలి ఒక్క అతుకు ఊడిన, కార్యాలయమున కంప్యూటర్లన్నియు మూగవోయెడివి! అందుచే 1990 తరువాత మెలిబెట్టిన జంటతీగ దాని స్థానమాక్రమించెను.

కంప్యూటర్ల కొలువు పోయిన ఆ రోజులలోనే ఈ తీగకు మన ఇండ్లలో మరొక కొలువు దొరకెను. 1991 గల్ఫ్ యుద్ధకాలమున ఉపగ్రహ టెలివిజను దేశమున వ్యాపించెను. 1995లో కేబులు టెలివిజను చట్టము వచ్చెను. ఆ ఏడే ఈటీవీ, జెమిని ప్రారంభమయ్యెను. ఈ తీగ అవరోధము 75 ఓములు. పాత ఈథర్నెట్టుది 50. కావున పాత పరికరములను దీనికి తగిలించిన పని జరుగదు.

2004లో ఏర్పడిన మోకా కూటమి దీనికి వేరు ఉపాయము పన్నెను. కేబులు ప్రసారములు సామాన్యముగా 1,000 మెగాహెర్ట్జులకు దిగువన ఉండును. మోకా సంకేతములు సాధారణముగా 1,125 నుండి 1,675 వరకు గల పౌనఃపున్యములలో నడుచును. ఎమ్మిగనూరు మగ్గముపై రెండు రంగుల పడుగు పోగులు కలియక సాగినట్లే, టెలివిజను, కంప్యూటరు సంకేతములు ఒకే తీగలో వేర్వేరుగ సాగును. 2016 నాటి 2.5 ప్రమాణము సెకనుకు 2.5 గిగాబిట్ల వరకు మోయగలదు. ఇందుకు తీగ రెండు కొనలయందు రెండు ఎడాప్టర్లు కావలెను.

చిక్కులు లేకపోలేదు. తీగను చీల్చు పాత స్ప్లిట్టర్లు పలువిధములైనవి 1,000 మెగాహెర్ట్జుల వరకే పనిచేయును, వాటిని మార్చవలసియుండును. వీథి కేబులుతో సంబంధము తెగని ఇంట ప్రవేశద్వారమున ఒక ఫిల్టరు పెట్టనిచో సంకేతము పొరుగింటికి పారవచ్చును. డిష్షు నుండి దిగు తీగ సంగతి వేరు: దానిలో ఉపగ్రహ సంకేతములు 950 నుండి 2,150 మెగాహెర్ట్జుల నడుమ ఉండును గనుక రెండును ఢీకొనును.

2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ విద్యుత్ స్తంభములపై గాజుతీగను లాగి, స్థానిక కేబులు ఆపరేటర్ల ద్వారా ఇండ్లకు అందించెను. గాజుతీగ వచ్చినను అది ముందరి గది పెట్టెతో ఆగును. అక్కడినుండి వెనుక గదికి మిద్దెపైనుండి కొత్త జంటతీగను లాగగలిగిన అదియే చవుక, అదియే మేలు. లాగ వీలులేని ఇంట, గోడను తొలువుటకు ముందు పాత నల్లతీగ కొనలను ఒకసారి వెదకి చూడవలెను.