ఆపత్కాలమున అక్కరకు వచ్చు ఎడిటరు



మన దౌల్తాబాదు ప్రాంతమున పూర్వము పహాణీ పట్వారి దఫ్తరములో నుండెడిది. అందొక అంకె తప్పుగా పడినచో కలము చేతబట్టి దిద్దెడివారు. నేడా లెక్కలు కంప్యూటరులోనికి పోయినవి. తెలంగాణమున 2020 నవంబరు 2 నుండి ధరణి నడచినది. దాని స్థానమున 2025 ఏప్రిలు 14న భూభారతి ప్రారంభమైనది. మన బ్యాంకి ఖాతాలు, పింఛనులు సైతము ఎచ్చటనో యొక యంత్రమున భద్రముగా నున్నవి. అట్టి యంత్రమే ఒకనాడు లేవకున్న, దానిని దిద్దు కలమేది? ఆ కలము యొక్క చరిత్రను నేడు మీకు విన్నవింపదలచినాను.

లోకములో ఇట్టి లెక్కలు దాచు పెద్ద యంత్రములలో అనేకము యూనిక్సు వంశమునకు చెందిన పద్ధతితో నడచును. యూనిక్సును 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు నిర్మించిరి. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ అదే మూసలో లినక్సును ఆరంభించెను. మన హైదరాబాదున స్వేచ్ఛ అను సంస్థ లినక్సునకు తెలుగు మాటలు నేర్పుటకు పూనుకొన్నది.

ఈ వంశమున కొక సుగుణము కలదు. యంత్రము ఎట్లు మేలుకొనవలెనో, ఏ డిస్కు నెచ్చట తగిలింపవలెనో, ఇవన్నియు మనుష్యులు చదువదగిన సాదా వ్రాతలోనే యుండును. ఆ వ్రాతలో నొక్క అక్షరము తప్పినను యంత్రము సగము మేలుకొని నిలిచిపోవచ్చును. అప్పుడు బొమ్మలుండవు, మౌసు పనిచేయదు. నల్లని తెర, ఆజ్ఞకై ఎదురుచూచు చిహ్నము మాత్రమే మిగులును. ఆ వ్రాతను తెరచి దిద్దు ప్రోగ్రామునే ఎడిటరందురు.

యూనిక్సుతో పుట్టిన మొదటి ఎడిటరు ఏడ్. ఆనాడు తెరలు అరుదు. టెలిటైపు యంత్రము కాగితముపై క్షణమునకు పది అక్షరముల వంతున అచ్చొత్తెడిది. అందుచేత ఏడ్ మితభాషి యయ్యెను. నాల్గవ వరుస చూపుమన్న చూపును, ఈ మాటకు బదులు ఆ మాట పెట్టుమన్న పెట్టును. మన ఆజ్ఞ తప్పైనచో ఒక్క ప్రశ్నార్థక చిహ్నము వేసి యూరకుండును. క్రొత్తవారికిది విసుగు పుట్టించు మాట నిజమే.

తరువాత తెరలు వచ్చినవి. 1976లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ శాఖలో బిల్ జాయ్ అను విద్యార్థి వీఐ అను ఎడిటరును వ్రాయ నారంభించెను. పుట మొత్తము కన్నుల యెదుట నుండి, కావలసిన చోటికి పోయి దిద్దుటకు వీలయ్యెను. ఆతడు వాడిన ఏడీఎం-3ఏ అను పరికరమున బాణపు గుర్తులు హెచ్, జే, కే, ఎల్ అను మీటలపై నుండెను. నేటికిని వీఐలో ఆ నాలుగు అక్షరములే దారి చూపుచున్నవి.

అట్లైన ఏడ్ ఏల మూలపడలేదు? కారణమిది. ఆ కాలపు డిస్కులలో నొకటి ఇరువదియైదు లక్షల అక్షరములను మాత్రమే పట్టెడిది. యూనిక్సు పెరిగి రెండవ డిస్కుపైకి పొర్లెను. మేలుకొలుపునకు అవసరమైనవి మొదటిదానిలో, తక్కినవి రెండవదానిలో నుంచిరి. బర్క్లీ యూనిక్సున ఏడ్ మొదటి భాగమందును, వీఐ రెండవ భాగమందును నివసించినవి. రెండవ భాగము తెరుచుకొనని నాడు వీఐ యెంత గొప్పదైనను అందదు; ఏడ్ అందును. పైగా వీఐకి తెర యొక్క గుణములు తెలుపు పట్టిక కావలెను. ఏడ్‌కు అదియు నక్కరలేదు.

1980వ దశాబ్దమున ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయమున జరిగిన యొక సంగతి ఇచ్చట చెప్పదగినది. సర్వాధికారముతో నిచ్చిన తుడిచివేత ఆజ్ఞ యొకటి పొరపాటున సాగెను. మధ్యలో ఆపిరిగాని, అప్పటికే ముఖ్యమైన ప్రోగ్రాములనేకము నశించెను. యంత్రము నార్పిన మరల లేవదు. అదృష్టవశమున ఒక తెరపై ఈమాక్స్ అను ఎడిటరు అంతకుముందే తెరచియుండెను. దానితోనే యంత్రభాషలోని సంకేతములను చేతితో లెక్కించి వ్రాసి, చిన్న ప్రోగ్రామును కట్టి, దాని యాధారమున తక్కినవి రప్పించుకొనిరి. ఈమాక్స్ పెద్ద కావ్యము వంటిది. ఆ స్థితిలో దానిని క్రొత్తగా తెరువజూచుట వ్యర్థము. తెరచియున్నది గనుకనే అక్కరకు వచ్చినది.

ఇట్టి యనుభవముల నుండి పెద్దలు బుద్ధి నేర్చిరి. 1995లో బ్రూస్ పెరెన్స్ ఒక్క ఫ్లాపీలో నిముడునట్లు అనేక పనిముట్లను ఒకే ప్రోగ్రాముగా కూర్చి బిజీబాక్సు అని పేరిడెను; నేడందులో చిన్న వీఐ కూడ కలదు. ఫ్రీబీఎస్డీ అను యూనిక్సు శాఖవారు రెస్క్యూ అను ప్రత్యేకపు అరలో ఏడ్, వీఐలను ఇతర భాగములపై నాధారపడకుండ కట్టి యుంచిరి. నానో అను మరియొక ఎడిటరు తన యాజ్ఞలను తెర యడుగుననే చూపును, క్రొత్తవారికది సుగమము. అయినను అది ప్రతి యంత్రమందును ఉండునని నమ్మరాదు.

కరెంటు పోయిననాడు బావిలోని మోటారు నీరు తోడదు. చేద, తాడు తోడును. అంతమాత్రమున మోటారు చెడ్డదనరాదు. కాని తాడు ఇంటనుండవలెను, తోడు అలవాటు చేతికుండవలెను. ఎడిటరు విషయమునను నా యభిప్రాయమిదే. ఆపదకు ఏరుకొనునప్పుడు ఏది అందమైనదని గాక, ఏది తక్కువవాటిపై నాధారపడినదని అడుగవలెను. దాదాపు యూనిక్సు వంశమంతటను దొరకు వీఐని మొదట నేర్వవలెను. అదియు లేని నాటికై ఏడ్ యొక్క నాలుగు ఆజ్ఞలు, చూపుట, మార్చుట, దాచుట, వెలువడుట, కంఠస్థము చేయవలెను. దిద్దుటకు ముందు పాత వ్రాతకు నకలు తీయవలెను. ఈ యభ్యాసమంతయు యంత్రము బాగుగా నున్న దినములలోనే జరుగవలెను.

మీ బిడ్డలలో, మనుమలలో ఎందరో నేడు హైదరాబాదున ఇట్టి యంత్రముల కొలువులలో నున్నారు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు వారినొక్క మాట అడుగుడు: "నాయనా, అన్నియు పోయిననాడు దిద్దుటకు నీ చేతనేమున్నది?" మన పొలముల లెక్క లొకరి చేతిలో నున్నప్పుడు ఆ ప్రశ్న అడుగు హక్కు మనకు కలదు.