జ్వరమను గడి

బెజవాడనుండి బందరు పోవు మార్గమునగల మా కంకిపాడువంటి గ్రామములలో, ఒక మనుష్యుడు ఏ కారణమున మరణించెనో వ్రాయు అధికారము ఒకప్పుడు వైద్యునిది కాదు, గ్రామ మునసబుది. 1899 సంవత్సరపు మదరాసు జనన మరణముల రిజిస్ట్రేషను చట్టము నాటినుండి పల్లెలలో చావుపుట్టుకల పుస్తకము ఆయన చేతిలోనిదే. శిస్తు వసూలు చేయువాడును ఆయనయే, చిల్లర తగవులు తీర్చువాడును ఆయనయే. తలారి వచ్చి, ఫలానావారింట ఒకరు పోయిరని చెప్పును. ఏమి జబ్బని మునసబు అడుగును. “జ్వరమండీ” అని తలారి యనును. పుస్తకమున జ్వరమని పడును. నాడి చూచినవారు లేరు.

మరణకారణములకు ఆ పుస్తకమున కొద్ది గళ్లే యుండెడివి: కలరా, మశూచికము, ప్లేగు, జ్వరములు, అతిసారము, శ్వాసరోగములు, గాయములు, ఇతరములు. ఇందు మొదటివి చాలవరకు నమ్మదగినవని నా అభిప్రాయము. అమ్మవారు పోసినదని గుర్తించుటకు వైద్యశాస్త్రము చదువనక్కరలేదు. వాంతిభేదులతో ఒక్కరాత్రిలో ఇద్దరు పోయిన యిల్లు ఊరంతయు ఎరుగును. దొరతనమువారికి ముఖ్యముగా కావలసినదియు అదియే: అంటువ్యాధి ఎక్కడ పుట్టినది, ఎటు నడచుచున్నది. చిక్కంతయు జ్వరముల గడిలోనున్నది. బ్రిటిషు ఇండియా మరణముల లెక్కలలో ఏటేట అన్నిటికంటె పెద్ద సంఖ్య దానిదే. చలిజ్వరము, సన్నిపాతము, క్షయ, ఊపిరితిత్తుల వాపు, అన్నియు అందు కలిసిపోయినవి. పురుడు వచ్చిన తొమ్మిదవనాడు ఒడలు కాగి మరణించిన బాలెంతయు అందే పడుట సహజము. అట్లు పడిన పిమ్మట, పురిటిగదిలోని మురికి ఆమెను చంపెనని జిల్లా కచేరీలో ఎవరికి తెలియును? తెలియనిదానికి డబ్బు మంజూరు కాదు. ఆ మూడక్షరముల మాట ఎందరు తల్లులను దాచెనో! మునసబునేమియు ననరాదు, ఆయనకు జీతము స్వల్పము, పుస్తకములు పెక్కు.

1969లో దేశమంతటికి ఒకే చట్టము వచ్చెను. 1984లో మునసబు ఉద్యోగమే ఈ రాష్ట్రమున రద్దయినది. నేడు పల్లెలో ఆ పని పంచాయతి కార్యదర్శిది. 21 దినములలోపల మరణమును తెలుపవలెను. ఉరి, విషము, కాలువలో తేలిన శవము మొదలగువానికి పోలీసు పంచనామాయు శవపరీక్షయు కలవు. తక్కినవానికి, కడపటి జబ్బునకు చికిత్సచేసిన వైద్యుడు కారణపత్రము వ్రాయవలెను.

ఈ పత్రము గొలుసువంటిది. మొదటి పంక్తిలో ప్రాణము తీసిన తక్షణకారణము. క్రింద, దానికి దారితీసినది. అన్నిటికి అడుగున మూలకారణము. మూత్రపిండములు చెడి మరణించినవానికి మధుమేహము మూలమైనచో, సాధారణముగా లెక్కకెక్కునది ఆ మధుమేహమే. కాని తొందరలో “గుండె ఆగినది” అని మాత్రము వ్రాసి సంతకము చేయు వైద్యులు కలరు. గుండె ఆగక చచ్చినదెవరు? ఇది చదువుకొన్నవాని జ్వరము. అదియైనను ఎందరికి? 2020లో దేశమున నమోదయిన మరణములలో వైద్యుని కారణపత్రము కలవి నూటికి ఇంచుమించు 22 మాత్రమే. ఇంటిలో మంచముపై పోయిన వృద్ధునికి అది ఇచ్చువారెవరు?

ఇందుకొక ఉపాయమును మన పొరుగుననే ప్రయోగించిరి. గోదావరి డెల్టా ప్రాంతమున 45 గ్రామములలో, సుమారు 1,80,000 జనములో, ఒక సంవత్సరమున సంభవించిన మరణములనుగూర్చి ఆరోగ్య కార్యకర్తలు ఆ యిండ్లకే పోయి అడిగిరి. ఎన్నినాళ్లు దగ్గెను? కాళ్లు వాచెనా? రొమ్ములో నొప్పి వచ్చెనా? ఇట్టి ప్రశ్నలకు వచ్చిన జవాబులను వైద్యులు చదివి కారణము నిర్ణయించిరి. 2006లో వెలువడిన ఫలితమున నూటికి 32 మరణములు గుండె, రక్తనాళముల వ్యాధులవలననే. పల్లెవారిని చంపునవి అంటురోగములే యని తలచువారికి ఇది వింతగా తోచును.

వృద్ధులయెడ ఈ పద్ధతి తడబడును. నాలుగు రోగములు కలవాడు దేనితో పోయెనో ఇంటివారు మాత్రమెట్లు చెప్పగలరు? కాని ఒడలు కాగి మరణించిన బాలెంత సంగతి వేరు. ఆమెకు పురుడు వచ్చి అప్పటికెన్నినాళ్లని ఆ యింట అడిగిన చాలును.