ఇంటికి నడిచివచ్చిన చిత్రశాల

ఇంటిలో కూర్చుండి చలనచిత్రమును చూడవలెనను కోరిక దాదాపు చలనచిత్రమంత పాతది. 1895 డిసెంబరు 28వ తేదీన పారిస్ నగరములో లూమియర్ సోదరులు టిక్కెట్టు కొన్నవారికి తమ చిత్రములను చూపిరి. నాటినుండి బొమ్మకొరకు జనము చిత్రశాలకు పోవుట ఆచారమయ్యెను. ఆ చిత్రశాల మరల జనుల ఇండ్లకు చేరుటను ధనికుల విలాసముగా అనేకులు భావింతురు. చరిత్రను పరిశీలించినచో, దానిని ఇంటికి నడిపించినది పొదుపేయని మాకు తోచుచున్నది.

తొలినాళ్ళ 35 మిల్లీమీటర్ల ఫిలిము నైట్రేటుతో చేసినది. నిప్పు సోకిన భగ్గున మండెడిది. అట్టిదానిని ఇంటిలో నుంచుకొనుట అపాయము. 1922లో ఫ్రాన్సు దేశపు పాథే సంస్థ సులభముగా మండని 9.5 మిల్లీమీటర్ల ఫిలిముతో 'పాథే బేబీ' యంత్రమును వెలువరించెను. పండ్లచక్రమునకు కావలసిన రంధ్రములను అంచులందు గాక బొమ్మకును బొమ్మకును నడుమ నుంచిరి. అందుచే ఫిలిము వెడల్పు దాదాపు అంతయు బొమ్మకే దక్కెను. మూకీ చిత్రములలో ప్రేక్షకులు చదువవలసిన మాటలకై ఫిలిము చాల ఖర్చగుట చూచి, అంచున చిన్న గంటు పెట్టిరి. గంటు రాగానే ఆ ఒక్క బొమ్మయే కొన్ని క్షణములు తెరపై నిలిచెడిది.

ఆర్థిక మాంద్యపు దినములలో, 1932లో, కోడక్ సంస్థ మరియొక ఉపాయము పన్నెను. 16 మిల్లీమీటర్ల ఫిలిముపై ఒకమారు ఒక సగమునను, చుట్టను త్రిప్పి పెట్టి రెండవ సగమునను బొమ్మలు తీయించి, పిమ్మట నిలువున చీల్చి అతికించిరి. ఇట్లు 25 అడుగుల ఫిలిము 50 అడుగులయ్యెను.

ఇక ధ్వని సంగతి. 1931లో ఇంగ్లండులోని ఇ.ఎం.ఐ. ఇంజనీరు అలన్ బ్లూమ్లైన్ రెండు మార్గముల ధ్వనికి పేటెంటు కోరెను. నటుడు తెరపై ఎటు నడచిన ధ్వనియు అటే నడువవలెనని ఆయన ఆశయము. 1970వ దశకమున డాల్బీ ఇంజనీర్లు ఎడమ, నడుమ, కుడి, వెనుక అను నాలుగు మార్గములను రెండింటిలో ఇమిడ్చిరి. రెండే మార్గములు గనుక ఆ నాలుగును స్టీరియో వీడియో టేపులలో చెక్కుచెదరక ఇంటికి వచ్చినవి. వాటిని విడదీయు గృహోపకరణములు 1982 నుండి వెలువడినవి.

అంతకు ముందే అమెరికాలో డేవిడ్ హాఫ్లర్ మరింత చవుకయైన మార్గము చూపెను. స్టీరియో యాంప్లిఫయరుయొక్క రెండు ధన ధ్రువములకు నడుమ ఒక స్పీకరును కలిపి గది వెనుక నుంచుటయే ఆ ఉపాయము. రెండు మార్గములలో సమానముగా నుండు సంభాషణ ఆ స్పీకరులో రద్దగును. భేదముగా నుండు వాన హోరు, చప్పట్లు, ప్రతిధ్వని మాత్రమే వినవచ్చును. కావలసినవి స్పీకరొకటి, కొంత తీగ. అయితే రెండు వైపుల ఋణ ధ్రువము ఒక్కటిగా గల యాంప్లిఫయరుకే ఇది తగును. కాని యెడల యంత్రము చెడిపోవచ్చును.

పొదుపు మన నేలపైనను అట్టి మేలే చేసినది. 1975–76లో జరిగిన ఉపగ్రహ విద్యా ప్రసార ప్రయోగమున 6 రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను చేరెను. అందు ఆంధ్రప్రదేశ్ గ్రామములును కలవు. ఉపగ్రహ సంకేతమును పట్టిన పళ్ళెములు కోళ్ళగూళ్ళకు వాడు ఇనుప వలతో చేసినవి. అది ఒక్క ఇంటి చిత్రశాల కాదు, ఊరంతటిది.

1990వ దశకపు తొలినాళ్ళలో చిత్రశాలలకు అంకాత్మక ధ్వని వచ్చెను. 1996లో జపానులో డివిడి అమ్మకమునకు వచ్చెను. అయిదు మార్గములు, మంద్రధ్వనికి వేరొకటి ఇంటిలోనే సాధ్యమైనవి. దానితోపాటు పెట్టెల సంఖ్యయే గొప్పతనమను భ్రాంతియు వచ్చెను. నెల జీతముపై బ్రతుకు కుటుంబము వాయిదాలపై పెట్టెలు పేర్చి, పిల్లల చదువునకు దాచినది కరగించుకొనుట మేలు కాదు.

మొదట రెండు మంచి స్పీకర్లు కొని, కూర్చుండువారికి సమదూరమున, చెవి ఎత్తున నుంచవలెను. గది మూల మంద్రధ్వనిని పెంచును గనుక వాటిని మూలకు నెట్టరాదు. దళసరి తెరలు, పుస్తకముల అలమార, జంబుఖానా ఉన్నచో ప్రతిధ్వని తగ్గును. అటుపై ధనమున్న నడుమ స్పీకరు కొనవలెను. సంభాషణ దానియందే యుండును. వినికిడి తగ్గిన తాతగారికి మాట తెలియకున్న, గోడలదరు ఫిరంగి మ్రోత వలన ప్రయోజనమేమి? వెనుక స్పీకర్లు, మంద్రధ్వని పెట్టె ఆ పిదప సంగతి.

పాథే వారు గంటుతో ఫిలిమును మిగిల్చిరి. హాఫ్లర్ ఒక తీగతో యంత్రమునే మిగిల్చెను. ఏది లేకున్నను గడుచునో తెలిసికొనుటయే వారి విద్య. ఇంటి చిత్రశాల నమర్చుకొను గృహస్థు ముందుగా నేర్వవలసినదియు అదియే.