రాష్ట్రం పుట్టిన నెలకు: 1956 మెల్బోర్న్‌లో మన ఫుట్‌బాల్

శనివారం తెల్లవారిందంటే మన అల్ఫారెట్టాలో తెలుగువారి ఇళ్ళలో ఒకటే హడావుడి. పిల్లవాడి మేజోళ్ళలో ఒకటి దొరికితే ఇంకొకటి దొరకదు. నీళ్ళ సీసా ఫ్రిజ్‌లో, బంతి గరాజ్‌లో, బూట్లు నిన్నటి బురదతో సహా కారు డిక్కీలో ఉంటాయి. ఎలాగో అందరినీ వ్యానెక్కించి వెబ్ బ్రిడ్జ్ పార్కుకు చేర్చి, మడత కుర్చీలు వేసుకుని కూర్చుంటాం. ఇండియా నుంచి వచ్చిన తాతగారో అమ్మమ్మగారో పక్కన కూర్చుని, "మనవైపు ఈ ఆట లేదు గదా, వీళ్ళకెలా పట్టుబడిందో!" అని ఆశ్చర్యపోతారు. మనమూ తల ఊపుతాం. క్రికెట్ మనది, సాకర్ ఇక్కడివాళ్ళది అని మనలో చాలామందికి స్థిరపడిపోయిన అభిప్రాయం.

ఆ అభిప్రాయం తప్పని చెప్పడానికి దూరం వెళ్ళనక్కరలేదు. మనందరికీ కంఠతా వచ్చిన ఒక సంవత్సరాన్ని తిరగేస్తే చాలు. ఆ సంవత్సరం 1956.

1956 నవంబర్ 1న హైదరాబాద్ రాజధానిగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. నీలం సంజీవరెడ్డిగారు మొదటి ముఖ్యమంత్రి. చిన్నప్పుడు సాంఘికశాస్త్రం పరీక్షలో ఈ ప్రశ్న రాయనివారు మనలో ఉండరు. కాని సరిగ్గా ముప్ఫై రోజుల తరవాత, డిసెంబర్ 1న, ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు మైదానంలోకి దిగింది. ఆ జట్టుకు కోచ్ హైదరాబాదీ. గోలీ హైదరాబాద్‌లో పుట్టినవాడు. రక్షణ వరుసలోను, మధ్య వరుసలోను, ముందు వరుసలోను హైదరాబాద్, సికింద్రాబాద్ కుర్రాళ్ళు ఉన్నారు. నెల వయసున్న రాష్ట్రం దేశానికి అందించిన ఈ జట్టు సంగతి మాత్రం మన పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కలేదు.

ఈ కథ అర్థం కావాలంటే ఎనిమిదేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా, పాదాలకు కట్లు కట్టుకుని ఆడారు. ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడినా మెప్పు పొందారు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచారు. ఇక మనకు తిరుగులేదనుకున్నారు. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా ఆ భ్రమ వదలగొట్టింది. స్కోరు 10-1. అక్కడి చలి, తడి నేల, బూట్లు తొడిగిన యూరప్ ఆటగాళ్ళు, వీటన్నిటి మధ్య ఉత్త కాళ్ళతో ఆడటం ఇక సాగదని తేలిపోయింది. ఆ తరవాత జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఆటగాళ్ళందరికీ బూట్లు తప్పనిసరి చేసింది.

ఆ ఓటమి చూసిన కోచ్ పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ ఆయన రహీం సాబ్. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి బడిపంతులుగా జీవితం మొదలుపెట్టారు. 1943 నుంచి చనిపోయేవరకు హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి ఆయనే కార్యదర్శి. ఆయన ఆట నేర్పిన తీరులో కూడా పంతులే కనిపిస్తాడు. కుడికాలివాటం కుర్రాడిచేత ఎడమకాలితో బంతి తన్నించేవారు. బంతిని కాళ్ళ దగ్గరే ఉంచుకుని ఒంటరిగా దూసుకుపోవడం మనవాళ్ళకు సరదా. అది మాన్పించడానికి అలా ఆడటమే నిషిద్ధమైన పోటీలు ప్రత్యేకంగా పెట్టించారు. బంతి అందగానే తోటివాడికి ఇచ్చి ఖాళీ జాగాలోకి పరుగెత్తాలి, అంతే. గొప్పతనం ఒక్కడిది కాదు, పదకొండుమందిదీ అన్నది ఆయన పాఠం.

ఆ పాఠానికి ప్రయోగశాల హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. రహీం శిక్షణలో ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌నే ఓడించింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకునే రోజుల్లో పగలు డ్యూటీ చేసే కానిస్టేబుళ్ళు ఆ మాటను మార్చేశారు. ఆటలో చురుకైన కుర్రాడికి పోలీసు శాఖలోనో సైన్యంలోనో ఉద్యోగం దొరికేది. కూటికి లోటు లేకుండా ఆట సాగేది.

మెల్బోర్న్ జట్టులో హైదరాబాద్ నుంచి వెళ్ళినవారి పేర్లు ఒకసారి చదువుకుందాం: పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, సలాం, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం. తంగరాజ్ సికింద్రాబాద్ క్లబ్బుల్లో ముందు వరుసలో ఆడి, సైన్యంలో చేరాక గోలీగా మారాడు. ఆరడుగులు దాటిన మనిషి, చేతులు చాస్తే గోలు సగం మూసుకుపోయేది. బలరాంది సికింద్రాబాద్ కంటోన్మెంట్ దగ్గరి అమ్ముగూడ. పేద కుటుంబం. శిక్షణ శిబిరానికి రమ్మని రహీం పిలిస్తే, అంతదూరం రోజూ రావడానికి దారి ఖర్చులు లేవన్నాడట. అద్దె సైకిలు తీసుకోమని ఆ డబ్బులు రహీమే ఇచ్చారని బలరాం పెద్దవాడయ్యాక చెప్పుకున్నారు. మెల్బోర్న్ వెళ్ళేనాటికి అతనికి ఇరవై ఏళ్ళు నిండీ నిండని వయసు.

ఆ ఒలింపిక్స్‌ను ప్రపంచ రాజకీయాలు అతలాకుతలం చేశాయి. కొన్ని దేశాలు రాకుండా మానుకున్నాయి. ఫుట్‌బాల్‌లో చివరికి మిగిలినవి పదకొండు జట్లే. మొదటి రౌండ్లో మనం హంగరీతో ఆడాలి. హంగరీ అంటే 1952 ఒలింపిక్ విజేత. ఆ శరదృతువులో బుడాపెస్ట్‌లో తిరుగుబాటు జరిగి, సోవియట్ ట్యాంకులు వీధుల్లోకి వచ్చాయి. వాళ్ళ ఫుట్‌బాల్ జట్టు రాలేదు. మనం ఆడకుండానే రెండో రౌండ్‌కు చేరాం. "అదృష్టం కలిసొచ్చింది" అని పెదవి విరిచేవారికి జవాబు డిసెంబర్ 1న దొరికింది.

ఆ రోజు ప్రత్యర్థి ఆస్ట్రేలియా, సొంత నేల, సొంత జనం. బొంబాయికి చెందిన నెవిల్ డిసౌజా మొదటి గోలు కొట్టాడు. ఆస్ట్రేలియా సమం చేసింది. డిసౌజా రెండోది కొట్టాడు. వాళ్ళు మళ్ళీ సమం చేశారు. విరామానికి 2-2. విరామం తరవాత డిసౌజా మూడోది కొట్టి, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హాట్రిక్ సాధించిన మొదటి ఆసియావాసి అయ్యాడు. చివర్లో కిట్టు అని అందరూ పిలిచే కృష్ణస్వామి నాలుగోది కొట్టాడు. 4-2. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే.

డిసెంబర్ 4న సెమీఫైనల్. ఎదురుగా నిలబడింది మళ్ళీ యుగోస్లావియా! హెల్సింకిలో పది గోళ్ళు కొట్టిన దేశం. విరామం దాకా ఎవరికీ గోలు రాలేదు. 52వ నిమిషంలో డిసౌజా గోలు కొట్టి మనకు ఆధిక్యం తెచ్చాడు. నాలుగేళ్ళలో ఒక జట్టు ఎంత మారగలదో ఆ క్షణం చూపించింది. కాని ఆ సంతోషం రెండు నిమిషాలే నిలిచింది. పదమూడు నిమిషాల్లో యుగోస్లావియా మూడు గోళ్ళు కొట్టింది. నాలుగోది మన రక్షకుడి కాలికి తగిలి మన గోల్లోకే వెళ్ళింది. 4-1తో ఓడాం. ఆ రోజుల్లో మన దేశపు పోటీల్లో ఆట తొంభై నిమిషాలు ఉండేది కాదు. తక్కువసేపటి ఆటకు అలవాటుపడ్డ కాళ్ళు పెద్ద మ్యాచ్ రెండో భాగంలో బరువెక్కడంలో వింత లేదు. డిసెంబర్ 7న కాంస్యం కోసం బల్గేరియాతో ఆడి 3-0తో ఓడిపోయాం. నాలుగో స్థానం. బంగారు పతకం సోవియట్ యూనియన్‌కు దక్కింది.

ఇంటికి వచ్చేముందు డిసెంబర్ 12న సిడ్నీలో ఆస్ట్రేలియాతో ఇంకొక మ్యాచ్ ఆడారు. 7-1తో గెలిచారు. మొదటి గెలుపు గాలివాటం కాదని అలా నిరూపించి విమానం ఎక్కారు. పన్నెండు రోజులు, నాలుగు మ్యాచ్‌లు, రెండు గెలుపులు, రెండు ఓటములు. లెక్క చూస్తే సరిసమానం. ఆ స్థాయికి భారత ఫుట్‌బాల్ తరవాత ఒలింపిక్స్‌లో మళ్ళీ చేరలేదు.

ఇక్కడ మరో ముచ్చట చెప్పాలి. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57లోను, 1957-58లోను గెలిచింది హైదరాబాద్. పటం మీద హైదరాబాద్ రాష్ట్రం అప్పటికే లేదు. ఫుట్‌బాల్ జట్టు మాత్రం ఆ పాత పేరుతోనే రెండు కప్పులు తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ పేరుతో ఆ ట్రోఫీ వచ్చింది ఒక్కసారే, 1965-66లో.

రహీం మెల్బోర్న్‌తో ఆగలేదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీతో 2-1తో ఓడినప్పుడు మన ఒక్క గోలూ బలరాందే. ఫ్రాన్స్‌తో ఆట 1-1తో సమంగా ముగిసింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో అప్పటికే జబ్బుపడిన రహీం సాబ్ జట్టును ఫైనల్‌కు చేర్చారు. ప్రేక్షకులంతా మనకు వ్యతిరేకం. అయినా సెప్టెంబర్ 4న దక్షిణ కొరియాను 2-1తో ఓడించి రెండో బంగారు పతకం తెచ్చారు. మరుసటి ఏడాది జూన్‌లో కేన్సర్‌తో ఆయన కన్నుమూశారు. భారత పురుషుల జట్టు ఆ తరవాత ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలవలేదు. రోమ్ తరవాత ఒలింపిక్స్‌కు అర్హత కూడా సాధించలేదు.

మరి ఇంత చరిత్ర మన ఇళ్ళల్లో కథగా ఎందుకు నిలవలేదు? హైదరాబాద్ మైదానాలు తగ్గిపోయాయి, మంచి ఆటగాళ్ళను కలకత్తా క్లబ్బులు తీసుకుపోయాయి, క్రికెట్ వచ్చి మిగతా ఆటల్ని కప్పేసింది. ఇవన్నీ నిజమే. ఇంకో కారణం చెప్పుకోవడానికి కాస్త ఇబ్బందిగా ఉంటుంది. ఈ ఆటగాళ్ళలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడింది ఉర్దూ. బలరాం తల్లిదండ్రులు తమిళులు. భాష పేరుమీద రాష్ట్రం కట్టుకున్న ఆ ఏడాది, "తెలుగువారి ఘనత" అన్న జాబితాలో వీళ్ళు ఇమడలేదు. కలకత్తా క్లబ్బులకు ఆడినవారిని బెంగాలీలు సొంతం చేసుకున్నారు. బలరాం చివరిదాకా బెంగాల్‌లోనే ఉండి, 2023 ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశారు. రహీం కథతో 2024లో సినిమా వచ్చింది, అదీ హిందీలో.

అల్ఫారెట్టాలో కూర్చున్న మనకు ఈ విషయం ఇతరులకన్నా బాగా అర్థం కావాలి. రేపు మన ఇంటి పిల్లవాడో పిల్లో జార్జియా తరఫునో అమెరికా తరఫునో ఆడితే, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడక్కుండా ఊరంతా "మావాడు, మా అమ్మాయి" అనాలని కోరుకుంటాం. ఆ కోరికలో న్యాయం ఉంది. అదే న్యాయం మనం అమ్ముగూడ బలరాంకు, పాతబస్తీ కుర్రాళ్ళకు, రహీం సాబ్‌కు చూపించామా? ఒక గడ్డ మీద పుట్టి, ఆ గడ్డ మట్టిలో ఆట నేర్చి, దేశానికి పేరు తెచ్చినవాళ్ళు ఆ గడ్డవాళ్ళే. ఇంటిభాష ఏదైనా ఫరవాలేదు.

ఈ ఆట మనకు ఇక్కడ కూడా దూరం కాదు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ఫుట్‌బాల్ ఫైనల్ మనకు గంటన్నర ప్రయాణంలో ఉన్న ఏథెన్స్‌లో, జార్జియా యూనివర్సిటీ స్టేడియంలో జరిగింది. నైజీరియా అర్జెంటీనాను 3-2తో ఓడించి, ఆఫ్రికాకు మొదటి ఒలింపిక్ ఫుట్‌బాల్ బంగారు పతకం సంపాదించింది. 2026 ప్రపంచ కప్పుకు ఎంపికైన నగరాల్లో అట్లాంటా ఒకటి. అక్కడ మన దేశంలోనూ ఆట పూర్తిగా ఆరిపోలేదు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడింది. హైదరాబాద్ పేరుతో పుట్టిన క్లబ్బు 2022 మార్చిలో దేశపు పెద్ద లీగు కప్పు గెలిచింది. అయితే ఆ క్లబ్బు 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. పట్టించుకోని సంపద ఇలాగే చేజారుతుంది.

మన సంఘం పండగల్లో పిల్లలకు క్విజ్ పెడతాం. ఆంధ్రప్రదేశ్ ఎప్పుడు ఏర్పడిందని అడుగుతాం, పిల్లలు తడుముకోకుండా చెబుతారు. ఈసారి దానికి ఇంకో ప్రశ్న జోడిద్దాం: "ఆ మరుసటి నెలలో ఒలింపిక్స్ సెమీఫైనల్ ఆడిన భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్ ఎవరు? ఏ ఊరివారు?" జవాబు ముందుగా పెద్దలం నేర్చుకుందాం. శనివారం ఉదయం సాకర్‌కు వెళ్ళే దారిలో పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ దొరకదు.