చదువు రానివాళ్ళ లైబ్రరీ

లైబ్రరీ అంటే నోరు మూసుకుని కూచునే చోటని మీకెవరు చెప్పార్రా? మా చిన్నప్పుడు సందెవేళ ఊళ్ళో అందరికంటే ఎక్కువ గోల లైబ్రరీ అరుగు మీదే. ఇటు జరగండి, పొగ అటు కొడుతోంది. చెబుతా వినండి.

మాది తెనాలి పక్క కాలవగట్టు ఊరు. ఆంధ్రపత్రిక మద్రాసులో అచ్చయి, రైల్లో తెనాలి దిగి, ఎవరి సైకిలు మీదో మా ఊరు చేరేసరికి నిన్నటి కబురు ఇవాళయ్యేది. ఎవరికీ తొందర లేదు. పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, చుట్ట ముట్టించుకుని అరుగు మీదికి చేరేవాళ్ళు. ఎలిమెంటరీ స్కూలు పంతులుగారు పెట్రోమాక్స్ లైటు కింద కూచుని పేపరు పైకి చదివేవారు. చదవనిస్తేగా! ధాన్యం ధర ముందు చెప్పమని ఒకడు, అదంతా తర్వాత, కొరియాలో యుద్ధం ఎంతదాకా వచ్చిందో చెప్పమని ఇంకొకడు. కొరియా తూర్పునుందో పడమరనుందో తెలియదు గానీ ఎవరు గెలుస్తారో పందేలు కాసేవాళ్ళు.

1952లో పొట్టి శ్రీరాములు గారు ఆంధ్ర రాష్ట్రం కోసం మద్రాసులో నిరాహారదీక్షకి కూచున్నారు. అక్టోబరు 19న మొదలైంది. రోజూ సాయంత్రం అరుగెక్కగానే "ఇవాళ్టికి ఎన్ని రోజులైంది పంతులుగారూ?" అని అడిగేది ఎవరనుకున్నారు? వేలిముద్ర వేసేవాళ్ళే. అక్షరం రానివాళ్ళకి ఆ లెక్క నోటికొచ్చు. డిసెంబరు 15 రాత్రి ఆయన పోయారు. ఆ కబురు పేపరు కంటే ముందే ఊరూరా పాకిపోయింది. అయినా పేపరు వచ్చేసరికి అరుగు నిండి, జనం వీధిలో నిలబడ్డారు. చదివి వినిపిస్తే గాని నమ్మేది లేదన్నట్టు కూచున్నారు. నేను మా నాన్న పక్కన ఒదిగి కూచుని విన్నాను. మధ్యలో మాట్లాడినవాడు ఒక్కడు లేడు. ఆ అరుగు అంత నిశ్శబ్దంగా ఉండటం నేను చూసింది ఆ ఒక్కసారే.

నేను పుట్టకముందైతే పుస్తకాలు పడవెక్కి తిరిగేవిట. ఇది మా నాన్న చెప్పిన ముచ్చట. పెదపాలెంలో పాతూరి నాగభూషణం గారని ఒకాయన. సేవాశ్రమం పెట్టి, 1935లో కొల్లిపరకీ పెదవడ్లపూడికీ మధ్య కాలవలో పడవ మీద లైబ్రరీ నడిపారు. అప్పట్లో మా వైపు వానాకాలం రోడ్డంటే మోకాలి లోతు బురద. మనిషి కదలాలన్నా ధాన్యం కదలాలన్నా కాలవే దారి. పడవ ప్రయాణమంటే ఏముంది, గంటల తరబడి గట్టు చూస్తూ ఊరికే కూచోవడం. అలా కూచున్నవాడి చేతిలో పుస్తకం పెడితే చదవక ఏం చేస్తాడు? చదువుకోరా బాబూ అని ఎవర్నీ బతిమాలక్కర్లేదు. నాగభూషణం గారిది ఎంత గట్టి బుర్రో చూడండి! చదవడం వచ్చినవాడు పైకి చదివితే పక్కవాళ్ళంతా వినేవాళ్ళని, కథ మంచి పట్టులో ఉండగా రేవు వస్తే దిగడానికి ఏడ్చేవాళ్ళని మా నాన్న నవ్వుతూ చెప్పేవాడు.

ఈ లైబ్రరీల ఊపు అంతకు చాలా ముందే మొదలైంది. బెజవాడలో 1914 ఏప్రిల్లో ఆంధ్రదేశంలో లైబ్రరీలు నడిపేవాళ్ళందర్నీ పిలిచి సభ పెట్టారు. పిలిచినవాళ్ళలో ముఖ్యుడు అయ్యంకి వెంకటరమణయ్య గారు, అప్పటికి పాతికేళ్ళు నిండలేదు. సభకి అధ్యక్షుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. ఆయనకి చిన్నప్పట్నించీ చూపు తక్కువ, రాత్రిపూట అసలే ఆనదు. చూపు ఆనని మనిషిని పుస్తకాల సభకి పెద్దని చేశారంటే, పుస్తకం కళ్ళున్నవాడి సొత్తే కాదని వాళ్ళకి ఆనాడే తెలుసన్నమాట. నా మాట కాదనకండి. తర్వాత చాన్నాళ్ళు, ఆ సభలో పుట్టిన గ్రంథాలయ సంఘాన్ని గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు నడిపారు. స్వరాజ్య పత్రికలో రాసినందుకు 1908లోనే జైలుకెళ్ళొచ్చిన మనిషి. పెద్దవాళ్ళకి అక్షరాలు నేర్పకుండా లైబ్రరీ తలుపులు తెరిచి ఏం లాభం అని ఆయన పట్టు.

ఒకటి దాచకుండా చెప్పాలి. లేకపోతే పాతకాలమంతా బంగారమనుకుంటారు మీరు. లైబ్రరీ అందరిదీ అనేవాళ్ళు గానీ మా ఊళ్ళో మొదట్లో అరుగు మాత్రం అందరిదీ కాదు. మాలపల్లె నుంచీ మాదిగపల్లె నుంచీ వచ్చినవాళ్ళు కింద, వేపచెట్టు మొదట్లో నిలబడి వినేవాళ్ళు. పొమ్మన్నవాడు లేడు, పైకి రమ్మన్నవాడూ లేడు. లైబ్రరీలో పెద్దవాళ్ళకి రాత్రిబడి పెట్టాక అది కాస్త మారింది. బడికి ఉన్నది ఒక్కటే లాంతరు. దాని చుట్టూ చేరితే గాని పలక కనపడదు. పంతులుగారు చాప కూడా ఒక్కటే పరిచారు. కొందరు పెద్దమనుషులు అలిగి ఇళ్ళకి పోయారు. పేపరు మీద ఆశ చావక కొన్నాళ్ళకి వాళ్ళే తిరిగొచ్చారు. వచ్చాక ఎవరూ ఏమీ అనలేదు, వాళ్ళూ ఏమీ అనలేదు.

ఇక ఆడవాళ్ళం. ఎదిగిన పిల్ల సాయంత్రం అరుగు మీద కనపడితే ఊరంతా కోడై కూసేది. పుస్తకాలు తమ్ముళ్ళ చేత తెప్పించుకునేవాళ్ళం. తిరిగొచ్చిన పుస్తకంలో పసుపు వేలిముద్రలు చూసి, ఇది ఎన్ని వంటిళ్ళు తిరిగిందో అని పంతులుగారు మురిసిపోయేవారు, తిట్టేవారు కాదు. తర్వాత మధ్యాహ్నాలు, మగవాళ్ళు పొలాల్లో ఉండే వేళ, లైబ్రరీలోనే హిందీ క్లాసు పెట్టారు. ఫీజు లేదు. దక్షిణ భారత హిందీ ప్రచారసభ పరీక్షలకి చదివించేవాళ్ళు. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, వరసగా కట్టాలి. ఆడపిల్లకి హిందీ ఎందుకని మా అమ్మ ఒకటే సణుగుడు. ఇది గాంధీగారు చెప్పిన పని అని మా నాన్న అనేసరికి ఇంకేం మాట్లాడలేదు. రాష్ట్రభాష కట్టేలోపు నాకు పెళ్ళి చేసేశారు. అయితేనేం, కాశీలో పడవవాడితో బేరం ఆడలేక మీ తాతయ్య నీళ్ళు నములుతుంటే ఆడింది నేనే. ఆ ముచ్చట ఆయన ఎవరికీ చెప్పనిచ్చేవారు కాదు.

మళ్ళీ అరుగు సంగతికొస్తే, 1948 డిసెంబర్లో బెజవాడ రేడియో స్టేషన్ వచ్చింది. కొన్నేళ్ళకి రేడియో కూడా ఆ అరుగెక్కింది. పండగలకి హరికథ, బుర్రకథ సరేసరి.

మీ తాతయ్య ఉద్యోగం హైదరాబాదు మారాక సుల్తాన్ బజార్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం చూశాను. 1901లో పెట్టింది, మా ఊరి అరుగు కంటే ఎంత పెద్దదో. మా పక్కింటావిడది నల్గొండ. మా ఊరి సంగతులు చెప్పి గొప్పలు పోతుంటే నవ్వేది. "మీకేందమ్మా, అడిగితే పుస్తకాలిచ్చిన్రు. నిజాం జమానాల మాకాడ సభ పెట్టాల్నన్నా, లైబ్రరీ పెట్టాల్నన్నా సర్కారు ఇజాజత్ గావాలె" అనేది. ఇజాజత్ అంటే అనుమతి. వట్టికోట ఆళ్వారుస్వామి గారి గురించి ఆవిడ చెబితేనే నాకు తెలిసింది. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాల మూట మోసుకుని మనిషి మనిషి దగ్గరికీ వెళ్ళి అమ్మిన మనిషి. అలాంటివాణ్ణి జైల్లో పెట్టారు. ఆవిడ ముందు నా గొప్పలు కాస్త తగ్గాయి.

ఇప్పుడు మన పెద్దాడు చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్ పరీక్షలకి చదువుతున్నాడు. కుర్చీ కోసం పొద్దున్నే పరిగెత్తాలిట, దొరకనివాళ్ళు చెట్ల కింద కూచుంటారట. చదివేది ఇంటి నుంచి తెచ్చుకున్న పుస్తకాలేనట. దానికి నేను తప్పు పట్టను. అద్దె గదిలో నలుగురితో సర్దుకునే కుర్రాడికి కుర్చీ, ఫ్యాను ఇవ్వడం కూడా లైబ్రరీ పనే. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలని పిల్లలకి వ్యాసరచన పోటీలు పెడతారు, వేసవిలో శిబిరాలు పెడతారు. బాగానే ఉంది. కానీ ఫోన్లో ఫారం నింపడం రాక, పింఛను కాగితం పట్టుకుని మీసేవ చుట్టూ తిరిగే ముసలాళ్ళున్నారే, ఈ కాలానికి చదువు రానివాళ్ళంటే వాళ్ళు. వాళ్ళని కూచోబెట్టి నేర్పే క్లాసు ఏ లైబ్రరీలో ఉందో చెప్పండి చూద్దాం. ఒకటీ అరా ఉందేమో, మన మండలంలో మాత్రం లేదు.

డబ్బు లేదంటారు. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉంటుంది. పంచాయతీ అయినా మున్సిపాలిటీ అయినా అది వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి కట్టాలి. అన్నిచోట్లా సరిగ్గా కట్టరు, బకాయిలు పేరుకుపోతాయి. అడిగేవాడు లేకే అలా అవుతోంది. పండగ వెళ్ళాక మీరిద్దరూ పంచాయతీ ఆఫీసుకి వెళ్ళి, మన ఊరి పన్ను ఎంత వసూలైందో, ఎంత కట్టారో కాగితం మీద రాసిమ్మని అడగండి.