బంగారు గడప – మా సంఘం మిద్దె

ఫెడరేషన్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని అడిగినారు. మేము చదివింది ఎనిమిదో తరగతి. లెక్కల పుస్తకం, మినిట్స్ పుస్తకం తప్ప పెద్ద రాతలు రాసినవాళ్లం కాదు. అయినా ఒక సంగతి మన కుటుంబాలకు చెప్పాలనిపించింది. పాత ఇండ్ల సంగతి. పడగొట్టాలా, నిలబెట్టుకోవాలా అని మన సంఘాలలో, మన ఇండ్లలో అందరికీ వస్తావున్న ప్రశ్నే ఇది.

మా మండికల్ పక్క పాత ఇల్లంటే మట్టి మిద్దె. కింద రాతి పునాది, మందపాటి మట్టి గోడలు, రాతి కంబాలో కట్టె కంబాలో, వాటి మీద దూలాలు, దంతెలు, ఆపైన మన్ను. వాకిట అరుగు, లోపల పడసాల, వెలుతురుకు మిద్దెలో గవాక్షి. మగ్గం వాళ్ల ఇల్లయితే పడసాలలోనే గుంత. ఆ గుంతను కిటికీ పక్కనే తవ్వేవాళ్లు, ఎందుకంటే పోగు తెగితే కంటికి కనపడాల. నేల మన్నుది కాబట్టి తేమ ఉంటుంది, పోగు మెత్తగా నిలుస్తుంది. మన పెద్దవాళ్లు ముందు మగ్గాన్ని మనసులో పెట్టుకొని తరువాత గోడ లేపినారు.

మా సంఘం ఉండేది అట్లాంటి మిద్దెలోనే. మొదట ఒక కుటుంబం కాపురముండిన ఇల్లు. వాళ్లు బెంగళూరికి పోతే సంఘం బాడుగకు తీసుకొని, తరువాత కొన్నాది. పడసాలలో నూలు పంచేది, వడ్లు పోసుకొన్న కొట్టులో నూలు బేళ్లు పెట్టేది, వెనక వసారాలో మగ్గాలు ఆడించేది. అరుగు మీద కూలి లెక్క చూసేది. ఇంటికి గోడ మార్చలేదు, పని మాత్రం మారింది.

తరువాత మేమే ఒక తప్పు చేసినాము. నీటుగా ఉంటుందని గుంతలు పూడ్చి, సిమెంటు వేయించి, వసారా మీద రేకులు పరిపించినాము. ఎండాకాలం వచ్చేసరికి పోగులు పటపట తెగినాయి. ఆడవాళ్లు నేల మీద నీళ్లు చల్లి, తడి గోనెపట్టలు పరిచి నేసినారు. మాతో ఒక మాట అనలేదు గానీ, రోజుకు నేసే గజాలు తగ్గితే కూలి తగ్గింది వాళ్లకే. కడకు రెండు గుంతలు మళ్లా తవ్వించినాము. ఆ ఖర్చు మినిట్స్ పుస్తకంలో మా సంతకంతోనే ఉంది.

ఆ తరువాత జనరల్ బాడీలో మిద్దె మొత్తం పడగొట్టి అంగళ్లు కడదామనే మాట వచ్చింది. బాడుగలు వస్తాయి, అప్పు తీరుతుంది అన్నారు. తప్పు మాట కాదు. మా మనసూ సగం అటే ఉండె.

ఆ చలికాలం హైదరాబాదు నాంపల్లి నుమాయిష్‌కు చీరలు తీసుకొని పోయినాము. ఒకరోజు పొద్దున అబిడ్స్ పక్క నడిచిపోతావుంటే ఊరి రద్దీలో ఒక పాత బంగళా కనపడింది. దాని పేరు గోల్డెన్ థ్రెషోల్డ్. అర్థమడిగితే బంగారు గడప అన్నారు. గడప అనే మాట చెవిన పడేసరికి నిలబడిపోయినాము. తరువాత తెలిసినవాళ్లతో చదివించుకొని దాని చరిత్ర తెలుసుకొన్నాము.

అది అఘోరనాథ్ చట్టోపాధ్యాయ గారు ఉండిన ఇల్లు. ఆయన బెంగాలీ, ఇప్పటి నిజాం కాలేజీకి మొదటి రూపమైన హైదరాబాద్ కాలేజీకి మొదటి ప్రిన్సిపాలు. చదువు, సంస్కరణ గురించి మాట్లాడేవాళ్లంతా ఆ ఇంటికి వచ్చేవాళ్లు. ఆయన కూతురే సరోజినీ నాయుడు, 1879లో హైదరాబాదులో పుట్టింది. 1898లో కులం దాటి డాక్టరు గోవిందరాజులు నాయుడు గారిని పెండ్లి చేసుకొంది. ఆమె మొదటి పెద్ద కవితల పుస్తకం 1905లో లండన్‌లో అచ్చయింది. ఆ పుస్తకం పేరే ఇంటికి నిలిచింది.

మనవాళ్లు గుర్తు పెట్టుకోవాల్సింది ఇంకొకటుంది. ఆ పుస్తకంలో మన నేతగాళ్ల మీద ఒక పద్యముంది, పేరు ఇండియన్ వీవర్స్. పుట్టిన బిడ్డకు కట్టే గుడ్డ, రాణి పెండ్లి ముసుగు, చచ్చినవాళ్ల మీద కప్పే గుడ్డ, మూడూ మన మగ్గం మీదవే అని చెప్పే పద్యం. అదే 1905 ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలయింది. ఆ రోజునే 2015 నుంచి జాతీయ చేనేత దినంగా జరుపుకొంటున్నాము.

సరోజినీ గారి కూతురు పద్మజా నాయుడు గారు ఆ ఇంటిని అమ్ముకోలేదు, దేశానికి ఇచ్చేసినారు. ఆరు సూత్రాల పథకం కింద 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు అది మొదలయింది ఆ ఇంట్లోనే. గచ్చిబౌలిలో పెద్ద క్యాంపస్ వచ్చి విశ్వవిద్యాలయం అక్కడికి పోయినాక కూడా ఇంటికి తాళం వేయలేదు. నాటకం, నాట్యం నేర్పే బడి పెట్టినారు. ఆ తరువాత నాటకాల పని నడిచింది. కాపురానికి కట్టిన గదులు క్లాసులయినాయి, అవే మళ్లా రిహార్సలు గదులయినాయి.

మా తాలూకాలోనే ముద్దేనహళ్లి ఉంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు పుట్టిన ఊరు. ఇంటిపేరు చూస్తేనే తెలుస్తుంది, వాళ్ల పెద్దలు గిద్దలూరు పక్క మోక్షగుండం నుంచి వచ్చినవాళ్లు. 1908 మూసీ వరద తరువాత హైదరాబాదును కాపాడే పథకం వేసింది ఆయనే. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ దాని వల్లే వచ్చినాయి. ఆయన ఇంటిని బాగుచేసి పెట్టినారు, చుట్టుపక్కల జనం గుడి మాదిరి చూస్తారు. పక్కనే ఉన్న మ్యూజియంలో ఆయన భారతరత్న, కళ్లద్దాలు, కన్నంబాడి ఆనకట్ట నమూనా ఉన్నాయి. అది చూడటానికి పెట్టిన ఇల్లు. చూసేదానికి వచ్చే జనమున్నారు కాబట్టి నిలిచింది.

మా మిద్దెను చూసేదానికి ఎవరొస్తారు? ఏటా వానలకు ముందు మిద్దె మీద మన్ను వేయకపోతే, తాళం వేసిన ఇల్లు కొన్ని వానలకే కూలుతుంది. అందుకే మాకు పనికొచ్చిన దారి హైదరాబాదుది. పని ఉంటే మనిషి వస్తాడు, మనిషి వస్తే కారే చోటు కనపడుతుంది.

తిరిగొచ్చి జనరల్ బాడీలో ఇదే చెప్పినాము. మూడు గంటలు వాదన జరిగింది. కడకు ముందర మిద్దె, పడసాల ఉంచినాము. అక్కడిప్పుడు చీరల అంగడి, పిల్లకాయలకు నేత నేర్పేదానికి ఒక గుంత మగ్గం ఉన్నాయి. వెనక రేకుల వసారా తీసేసి ఎత్తుగా కట్టినాము, ఎందుకంటే జకార్డు పెట్టాలంటే పాత మిద్దె ఎత్తు చాలదు. వీధి పక్క ఖాళీ జాగాలో రెండు అంగళ్లు బాడుగకిచ్చినాము. అప్పు ఇంకా తీరలేదు. మొత్తం పడగొట్టింటే తీరిండేదేమో, ఆ మాట ఇప్పటికీ అనేవాళ్లున్నారు. వాళ్లకు జవాబు మా దగ్గర పూర్తిగా లేదు. కానీ పోయిన ఎండాకాలం ఆ గుంత మగ్గం మీద ఒక పిల్ల మొదటి పంచె నేసి దించింది. ఒక్క పోగూ మధ్యలో తెగలేదని మా దగ్గరికి పరిగెత్తుకొచ్చి చెప్పింది.

మీ ఇంట్లో పాత మిద్దె ఉంటే, పడగొట్టక తప్పదంటే, ముందు ఫోనులో నాలుగు పక్కలా ఫోటోలు తీయండి. గుంత ఎక్కడ, కిటికీ ఎక్కడ, పడుగు ఎక్కడ సాచేవాళ్లో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసి పెట్టండి. రేపు కొత్త ఇల్లు కట్టే పిల్లకు మగ్గం ఎక్కడ పెట్టాలో అది చెబుతుంది.